ఎల్లారెడ్డి సిస్టర్

కామారెడ్డిలో నేను పనిచేసే ఆసుపత్రి రెండంతస్తులది. కింద ఓపీ, మందుల షాపు, ల్యాబ్. పైన వార్డు, దాని చివర గాజు తలుపు వెనక నాలుగు మంచాల ఐసీయూ. పై అంతస్తుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నేను. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు నిజామాబాద్‌లో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, సౌదీలో కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఎక్కడన్నా కనబడితే "మీరు తిట్టి నేర్పిన పనే మేడం మమ్మల్ని నిలబెట్టింది" అంటారు. ఒకప్పుడు ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు వినడానికి కష్టంగా ఉంటుంది. ఎందుకంటే అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్న అమ్మాయి, నేను అందరికంటే గర్వపడ్డ అమ్మాయి, ఇప్పుడు నర్సు పని చేయడం లేదు.

ఆమె ఊరు ఎల్లారెడ్డి. చేరేనాటికి మా దగ్గర ఆమె పేరుతోనే ఇంకో నర్సు ఉండటంతో అందరూ ఈమెను ఎల్లారెడ్డి సిస్టర్ అనడం మొదలుపెట్టారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరి లింగంపేట మీదుగా వచ్చేది. డ్యూటీకి పది నిమిషాల ముందే యూనిఫాం వేసుకుని నిలబడేది. ఒక్కరోజు కూడా బస్సు మీద నెపం పెట్టగా నేను వినలేదు.

రోగిని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. ఎందుకని అడిగాను.

"ఏసీల చేతులు సల్లగైతయి మేడం. ముసలోళ్లు ఉలిక్కిపడ్తరు" అంది.

సూది గుచ్చేముందు ఏదో ఒకటి అడిగేది. ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, మక్క వేసిన్రా పత్తి వేసిన్రా, బిడ్డను యాడికి ఇచ్చిన్రు. వాళ్లు జవాబు చెప్పేలోగా సూది పని అయిపోయేది. అన్నం మాత్రం మాతో డ్యూటీ రూంలో తినేది కాదు. మా వార్డు ఊడ్చి, బెడ్‌పాన్లు తీసే ఆయమ్మ మెట్ల కింద కూర్చుని తినేది. ఈమె పోయి ఆమె పక్కన కూర్చునేది. ఇద్దరి నవ్వులూ పైదాకా వినబడేవి.

కొన్ని నెలలకు రోగులు ఆమె కోసం అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒక పెద్దాయనకు నేను ఇంజక్షన్ ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "గా ఎల్లారెడ్డి బిడ్డ లేదా? ఆమె వచ్చినంక ఏపిచ్చుకుంట తియ్యి" అన్నాడు. మా ఆసుపత్రిలో నా అంత తేలిక చెయ్యి ఎవరికీ లేదని పెద్ద డాక్టరే అనేవాడు. ఆ రోజు సిరంజి ట్రేలో పెట్టేసి బయటికి వచ్చేశాను. అప్పుడు దాన్ని కోపం అనుకున్నాను. అసూయ అని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

నేను పుట్టడమే కఠినంగా పుట్టలేదు. మాది బీబీపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. నర్సుగా చేరిన మొదటి ఏడు, ఫిట్స్‌తో ఒక చిన్న పాపను తెచ్చారు. ఆ పాప తల్లి నా కొంగు పట్టుకుని ఏడుస్తుంటే నాకూ ఏడుపు వచ్చేసింది. మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. అప్పటి డాక్టరు నన్ను భుజంతో పక్కకు తోసి, తనే సూది పెట్టాడు. పాప బతికింది. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే బతికేది కాదని ఆయన అందరి ముందూ అన్నాడు. ఆ రోజు నుంచి డ్యూటీలో నా కంట నీళ్లు రాలేదు. రానివ్వలేదు. నా కింద చేరిన ప్రతి అమ్మాయికీ మొదటి వారంలోనే చెప్పేదాన్ని: "కండ్లల్ల నీళ్లుంటే నరం యాడ కనబడ్తది? ఏడ్పు ఇంట్ల వెట్టి రావాలె."

ఆ మాటలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. దాన్ని ఎక్కడిదాకా లాగానన్నదే నా తప్పు.

ఒక మధ్యాహ్నం పిట్లం వైపు నుంచి పాము కాటుతో ఒకతన్ని తెచ్చారు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. పొలంలో కరిస్తే ముందు పసరు మందు అని ఎక్కడెక్కడో తిప్పి, మా దగ్గరికి తెచ్చేసరికి చేయి దాటిపోయింది. గంటలో ప్రాణం పోయింది. అతని తల్లి మెట్ల మీద కూలబడింది. గట్టిగా ఏడవడం కూడా లేదు, నేల మీద అరచేత్తో కొడుతూ ఉంది. నేను కాగితాల పని ముగించుకుని వార్డులోకి వచ్చేసరికి మూడో మంచం సెలైన్ ఖాళీ అయి, గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. ఆ మంచం చూడాల్సింది ఎల్లారెడ్డి సిస్టర్. బయటికి వచ్చి చూస్తే ఆ పిల్ల మెట్ల మీద ఆ తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

"లే" అన్నాను.

లేచింది. ఆ తల్లి తలను మెల్లగా గోడకు ఆనించి మరీ లేచింది.

"ఏడ్వనీకి వచ్చినవా, పని చేయనీకి వచ్చినవా? ఏడ్వనీకైతే బస్సెక్కి ఎల్లారెడ్డికి పో. ఆడ కూసోని మనసు తీర ఏడువు. నువ్వు ఏడిస్తే సచ్చినోడు లేచొస్తడా? వాళ్లకేమన్న ఫాయిదా ఉన్నదా నీ ఏడ్పుతోని?"

వరండాలో రోగుల తాలూకు వాళ్లున్నారు. తోటి నర్సులున్నారు. కొడుకు పోయిన ఆ తల్లి అక్కడే ఉంది. ఆమె కూడా ఏడుపు ఆపి నా వైపు చూసింది.

"తప్పయింది మేడం" అని ఆ పిల్ల మణికట్టుతో కళ్లు తుడుచుకుని వార్డులోకి పోయింది.

ఆయమ్మ చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "గంత మాట అనకపోతే ఏమాయె సిస్టరమ్మా" అంది మెల్లగా. నీ పని నువ్వు చూసుకో అన్నాను.

సెలైన్ అయిపోవడం తప్పే. కానీ ఆ సెలైన్ నేనే మార్చి, ఐదు నిమిషాలు ఆ పిల్లను అక్కడే కూర్చోనిచ్చి, సాయంత్రం పక్కకు పిలిచి చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. తిట్టాక ఒళ్లు తేలికపడినట్టు అనిపించింది. అది గుర్తుంది.

ఆ తరువాత ఆమెకు పని నేర్పే బాధ్యత నేనే మీద వేసుకున్నాను. మంచం మీద కూర్చోవద్దన్నాను. అవసరమైన దానికంటే ఎక్కువ మాట్లాడవద్దన్నాను. "మంచిగైతది" అని ఎవరికీ చెప్పవద్దు, కాకపోతే మనల్నే పట్టుకుంటారు అన్నాను. ఎవరన్నా ఏడిస్తే వాళ్ల మొహం చూడకుండా, చేతిలో పని చూసుకొమ్మన్నాను. ఒక్కసారి చెప్పిన మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఏడాది తిరిగేసరికి మా అంతస్తులో అంత పక్కాగా పనిచేసే నర్సు లేదు. ఏ మంచానికి ఏ మందు ఎప్పుడో నోటికి చెప్పేది. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో "ఈ అమ్మాయిని బాగా తయారు చేశావమ్మా" అన్నాడు. ఆ పూట ఇంటికి పోయి మా ఆయనకు కూడా చెప్పుకున్నాను. ఐసీయూ డ్యూటీ ఆమెకే ఇచ్చాను.

మెట్ల కింద నవ్వులు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. ఆమె డ్యూటీ రూంలో మాతోపాటు కూర్చుని, తిని, డబ్బా కడుక్కుని లేచిపోయేది. ఒకసారి మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన ఒక ముసలమ్మ ఆమెనే ఆపి అడిగింది, "గా ఎల్లారెడ్డి బిడ్డ నౌకరి ఇడిసిపెట్టిందా?" అని. "నేనే అవ్వా" అని మాస్కు కిందికి లాగింది ఆ పిల్ల. ముసలమ్మ ఆ మొహాన్ని కొంచెంసేపు చూసి, "నువ్వా" అని ఊరుకుంది. ఆ పిల్ల మాస్కు పైకి లాక్కుని పనిలోకి పోయింది. నేను కౌంటర్ దగ్గర నిలబడి ఇదంతా చూశాను. నవ్వుకున్నాను కూడా.

ఇక ఆ రోజు సంగతి.

మద్నూర్ నుంచి ఒకాయన్ని గుండెనొప్పితో తెచ్చారు. రోడ్డు పక్కన టైర్ల పంక్చర్ దుకాణం ఆయనది. యాభై దాటిన మనిషి, చేతి గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు. మర్నాటి పొద్దుటికి పరిస్థితి బాగా లేదని, హైదరాబాద్ తీసుకెళ్లాలని పెద్ద డాక్టరు చెప్పాడు. అంబులెన్స్ వచ్చింది. అంతకు ముందు వారమే ఇలాగే ఒక రోగిని తరలించేటప్పుడు బంధువులు పది మంది లోపలికి తోసుకొచ్చి, ఆ గలాటాలో ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. అందుకని ఆ పొద్దున నేను ఎల్లారెడ్డి సిస్టర్‌ను తలుపు దగ్గర నిలబెట్టి చెప్పాను: "షిఫ్టింగ్ అయ్యేదాక ఎవరినీ లోపలికి రానియ్యకు. ఎవరు అడిగినా సరే. కాళ్లు మొక్కినా సరే."

లోపల నేను ఆయన పక్కన ఉన్నాను. మానిటర్ వైర్లు మారుస్తున్నాను. ఆయనకు తెలివి ఉంది. మాస్కు కింద నుంచి ఏదో అంటున్నాడు. వంగి విన్నాను.

"మా ఇంట్లామె ఏది?"

"మాట్లాడొద్దు. ఆయాసం ఎక్కువైతది" అన్నాను.

కొంచెంసేపు ఆగి మళ్లీ అడిగాడు. "ఏది ఆమె? పిలువుండ్రి."

"వస్తది. నువ్వు మాట్లాడొద్దు అన్న గద."

సరిగ్గా అప్పుడే గాజు తలుపు అవతల ఆయన భార్య నిలబడి ఉంది. కింద కూర్చున్న మనిషి, తీసుకెళ్తున్నారని తెలిసి మెట్లెక్కి పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి మాటలు నాకు వినబడుతున్నాయి.

"ఒక్క నిమిషం బేటీ. ఒక్క మాట చెప్పి పోత."

"లోపలికి పంపరమ్మా. హైదరాబాద్‌ల చూద్దురు."

"ఒక్క మాటే. ముట్టుకోను గూడ."

"రూల్ లేదమ్మా."

ఆమె మూడోసారి కూడా ఏదో అంది. అది నాకు వినబడలేదు. ఎల్లారెడ్డి సిస్టర్ చెయ్యి తలుపుకు అడ్డంగా అలాగే ఉంది. ఆమె చూపు ఆ ఇల్లాలి మొహం మీద లేదు, ఎదురు గోడ మీద ఉంది. నేను చెప్పినట్టే నిలబడింది. రానియ్యమని నేను ఒక్క మాట అంటే అయిపోయేది. నాకూ ఆ మంచానికీ మధ్య అడుగు దూరం, నాకూ ఆ తలుపుకూ మధ్య ఎనిమిది అడుగులు. నేను వైర్లు చూసుకుంటూ ఉండిపోయాను.

స్ట్రెచర్‌ను ఐసీయూ వెనక ఉన్న లిఫ్ట్‌లో దించారు. అంబులెన్స్‌లో ఆయన కొడుకు ముందు సీట్లో ఎక్కాడు. ఆమె తన తమ్ముడితో కారులో వెనక పోయింది. ఆయన దారిలోనే పోయాడు. ఆ సంగతి మధ్యాహ్నానికి మాకు తెలిసింది. ఎల్లారెడ్డి సిస్టర్ విని, ఆ మంచం దుప్పటి మార్చింది.

నాలుగు నెలలు దాటాక ఆయన భార్య వచ్చింది. భర్త పోయిన తరువాత ముస్లింల ఆచారం ప్రకారం ఇంట్లో ఉండాల్సిన రోజులు పూర్తయ్యాక, ఆమె మొదట అడుగు బయటపెట్టింది మా ఆసుపత్రికేనట. తమ్ముడు వెంట ఉన్నాడు. అతనిదే కోపమంతా. ఫోన్ చేతిలో పట్టుకుని పేపర్లో వేయిస్తా, కేసు పెడతా అంటున్నాడు. ఆమె మాత్రం పెద్ద డాక్టరు ముందు కుర్చీలో కూర్చుని ఒక్కటే అడిగింది.

"నన్ను ఎందుకు ఆపిన్రు సాబ్?"

డాక్టరు మా ఇద్దరినీ పిలిపించాడు. "ఎవరమ్మా ఆ రోజు ఈమెను ఆపింది?" అన్నాడు.

ఎల్లారెడ్డి సిస్టర్ నా వైపు చూసింది. చెప్పమని కాదు. నేను ఏం చెప్తానా అని కూడా కాదు. పనిలో ఏ సందేహం వచ్చినా నా వైపు చూడటం ఆమెకు అలవాటు, అంతే.

మా ఆయన దుబాయి నుంచి వచ్చేసి ఖాళీగా ఉన్న, ఇల్లు నా జీతం మీదే నడుస్తున్న రోజులవి. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణాన మా ఆయనా, పిల్లలూ ఎవరూ గుర్తుకు రాలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్ తప్పు చేసిందని నలుగురిలో అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది.

"డోర్ దగ్గర ఈమె ఉండె సార్" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"నేనే సార్" అంది ఆ పిల్ల.

డాక్టరు ఆ తమ్ముడి చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూశాడు. "ఈ రోజు నుంచి ఈ అమ్మాయి మా దగ్గర పనిచేయదు" అన్నాడు.

అప్పుడు ఆ ఇల్లాలు లేచి నిలబడింది. "నౌకరి తీయమని రాలేదు సాబ్ నేను. నాకు జవాబు కావాలె" అంది. డాక్టరు టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నాడు. కాసేపు చూసి, కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

ఎల్లారెడ్డి సిస్టర్ తన మంచాల కాగితాలన్నీ వరసగా నాకు అప్పజెప్పింది. రెండో మంచానికి నాలుగింటికి మందు ఉందని గుర్తు చేసి మరీ పోయింది.

ఆయమ్మ ఆ రోజు నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నాలుగున్నరేళ్లు అలాగే గడిచాయి. మోకాళ్ల నొప్పులతో ఆమె కూడా పని మానేసిన రోజు, అందరికీ చెప్పి చివరికి నా దగ్గరికి వచ్చింది. "ఒక్కసారి పోయిరా సిస్టరమ్మా. ఎల్లారెడ్డి ఏమన్న దేశం అవుతల ఉన్నదా" అంది. ఎందుకు, ఎవరి దగ్గరికి అని నేను అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున బస్సెక్కాను. లింగంపేట దాటాక రెండు వైపులా అడవి వస్తుంది. ఈ దారిలో ఆ పిల్ల రోజూ రానూ పోనూ ఎంతసేపు ప్రయాణం చేసేదో ఆ రోజే మొదటిసారి లెక్కకు వచ్చింది నాకు. ఎల్లారెడ్డి బస్టాండ్‌లో దిగి, ఆయమ్మ చెప్పిన గుర్తు పట్టుకుని పోతే దగ్గరలోనే జిరాక్స్ దుకాణం కనబడింది. పెళ్లయిందట, ఆ దుకాణం భర్తదట. మిషన్ వెనక ఆమె నిలబడి ఉంది. ఒక రైతు పట్టా పాసుబుక్కు ఇచ్చి ఏదో చెప్పబోతున్నాడు. "ఎన్ని?" అంది, తల ఎత్తకుండా. "రెండు బిడ్డా, బ్యాంకోళ్లు ఏమన్నరంటే..." "రెండు. ఆగు." కాగితాలు చేతిలో పెట్టి తరువాతి మనిషి వైపు తిరిగింది. ఆ తరువాతి మనిషిని నేను.

గుర్తుపట్టింది. ఆశ్చర్యపోలేదు. "కూసో అక్కా" అని స్టూలు జరిపింది. మేడం అనలేదు. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించింది.

బస్సులో వస్తూ అనుకున్న మాటలన్నీ పోయాయి. "గా రోజు సార్ ముంగట నేను చెప్పాల్సి ఉండె. ఆపమన్నది నేనే అని. చెప్పలే" అన్నాను.

"అవును, చెప్పకపోతివి" అంది.

"తప్పు నాది."

"నౌకరి పోయిందని నాకేం బాధ లేదక్కా. నిజంగ లేదు." చాయ్ గ్లాసు కౌంటర్ మీద పెట్టింది. "గా ఆమె మూడోసారి ఏమన్నదో నీకు ఇనబడ్డదా?"

"లేదు."

"నీకు అమ్మ లేదా బేటీ, అన్నది. గా మాట ఇన్నప్పుడు గూడ నాకేం కాలే. గోడ మీద గడియారం ఉండె గద, దాని దిక్కు చూసుకుంట నిలబడ్డ. గదీ నా బాధ. మొన్న యాడాది మా బాపు పోయిండు. ముక్కుల దూది వెట్టుడు, కాలి వేళ్లు కట్టుడు, అన్ని నేనే చేసిన. అందరు ఏడుస్తుండ్రు. మా అమ్మ నన్ను పట్టుకొని ఊపుతున్నది, ఏడువే, ఏడువే అని. నాకు రాలే."

"నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.

"నేను ఆమె తాన్కి పోయిన, మద్నూర్‌కు" అంది. నా మాట విననట్టే. "బాపు పోయినంక పోయిన. ఇల్లు అడుక్కుంట అడుక్కుంట పోయిన. అన్నం పెట్టింది నాకు. గా రోజు ఏం మాట చెప్దామనుకున్నవ్ అమ్మా అని అడిగిన. దుకాణం షట్టర్ ఏసి వచ్చిన, ఫికర్ చేయకు అని చెప్దామనుకున్నదట. గంతే. దుకాణం తెరిచి ఉన్నప్పుడే ఆయన్ని తీసుకొచ్చిన్రట, రాత్రంత దాని మీదనే ఉంటది ఆయన పానం అనుకున్నదట." మిషన్ మీది కాగితాలు సర్దింది. "ఇంకో మాట గూడ అన్నది. ఆఖరికి నన్ను యాది చేసిండో లేదో అల్లాకే ఎరుక, అన్నది."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

ఆయన యాది చేశాడు. రెండుసార్లు అడిగాడు. ఆ సంగతి తెలిసిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. డాక్టరు గదిలో ఆమె జవాబు అడిగినప్పుడు కూడా అది నా దగ్గరే ఉంది. దాన్ని చెప్తే, నువ్వెందుకు పిలవలేదని నన్నే అడుగుతారు. అందుకే చెప్పలేదు. ఆ సంగతి ఆ దుకాణంలో ఆ పిల్లకు చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్ అక్కా" అంది. "ఆమెకు చెప్పు."

తరువాతి వారం మద్నూర్ పోయాను. పంక్చర్ దుకాణం ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. ఇల్లు దాని వెనకే. ఆమె ముంగిట్లో బియ్యం చెరుగుతోంది. నేనెవరో చెప్పుకున్నాను. చాట పక్కన పెట్టి, మంచినీళ్లు ఇచ్చింది. నేను నీళ్లు తాగకుండానే చెప్పేశాను. లోపలికి రానియ్యొద్దని చెప్పింది ఆ పిల్ల కాదని, నేనేనని. ఆయన ఆమె కోసం అడిగాడని.

"అడిగిండా?" అంది.

"అడిగిండు. మా ఇంట్లామె ఏది అన్నడు. మళ్లొక్కసారి అడిగిండు, పిలువుండ్రి అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"మాట్లాడొద్దన్న."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ జరగలేదు. ఒళ్లో పడ్డ నూకలు ఒక్కొక్కటే ఏరి చాటలో వేసింది.

"ఐదేండ్లు" అంది. "గీ మాట గా రోజు డాక్టర్ సాబ్ తాన చెప్పినా సరిపోతుండె. ఐదేండ్లు రోజు నమాజ్ చేసినంక గదే అడిగిన నేను."

లేచి లోపలికి పోయింది. నేను కూర్చునే ఉన్నాను. చాలాసేపటికి కొడుకు దుకాణం నుంచి వచ్చాడు. గోడ అవతల నుంచి విన్నాడో ఏమో, నా మొహం చూడలేదు. "అమ్మీ ఇంక బయటికి రాదు. మీరు పోండ్రి. కామారెడ్డి బస్సు ఇప్పుడున్నది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

మర్నాడు పెద్ద డాక్టరు గదిలోకి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఏదో స్కాన్ వెలుతురుకు పెట్టి చూస్తూ విన్నాడు. "అయిపోయిన సంగతి ఇప్పుడెందుకమ్మా" అన్నాడు. నేను కదలకపోయేసరికి స్కాన్ కింద పెట్టి, "సరే, ఆ అమ్మాయి వస్తానంటే మళ్లీ తీసుకుందాం. మంచి పనిమంతురాలు" అన్నాడు. తరలించే ముందు ఇంటివాళ్లలో ఒకరిని లోపలికి రానివ్వాలని అడిగితే, నీ ఇష్టం అన్నాడు. అంత తేలిక అది. ఒక్క మాట అడిగితే అయ్యేది.

డ్యూటీ రూంలోంచి ఎల్లారెడ్డికి ఫోన్ చేశాను. మద్నూర్ పోయి వచ్చానని చెప్పాను. "మంచిదాయె" అంది. డాక్టరు మళ్లీ రమ్మంటున్నాడని చెప్పాను.

"వద్దక్కా."

"ఇప్పుడు గట్ల ఉండది. నేను చూసుకుంట."

"నీ గురించి కాదు. ఆడికొస్తే నేను మళ్ల గట్లనే అయిత. గిక్కడైతే కాగితాలు. కాగితాలు నన్నేం అడగవు." అటువైపు ఎవరో పిలిచారు. "ఉంటా అక్కా, గిరాకీ వచ్చింది" అని పెట్టేసింది.

రానంటోందని డాక్టరుకు చెప్పాను. అయితే వేరేవాళ్లను చూడమన్నాడు. పక్కవారం ఇద్దరు కొత్త నర్సులు చేరారు. ఒకమ్మాయిది దోమకొండ వైపు, ఇంకో అమ్మాయిది బాన్సువాడ. ఇద్దరికీ ఇరవై రెండేళ్లకు మించి వయసు లేదనిపించేంత చిన్న మొహాలు. మొదటి రోజు నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఏం చేయాలో చెప్పండి మేడం అన్నారు. ముందు వార్డు చూసి రండి, రోగుల పేర్లు తెలుసుకోండి అని పంపాను. వాళ్లు వచ్చేలోగా ఏం చెప్పాలో ఆలోచించుకుందామని కుర్చీలో కూర్చున్నాను.